ముసురుకీ ఎండకీ మధ్య కోడిపిల్లలు

పెరటి కోళ్ళ శీర్షికకి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా ఒకటే గోల. వానకి పోయాయి, చలికి పోయాయి, ఎండకి పోయాయి, ఏం చెయ్యమంటారు అని. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి, ఊరిని బట్టి సమస్య మారేవాటిని మాత్రం విడిగా తీసుకున్నాను. పేర్లు వెయ్యడం లేదు, ఊరు చాలు.

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా నాటు పెట్ట ఆశ్వయుజంలో పదకొండు పిల్లల్ని చేసింది. ఇంతలో వాయుగుండం పట్టి మూడు రోజులు ఒకటే ముసురు. గూట్లో పెట్టి తలుపేస్తే పెట్ట ఊరుకోలేదు, పోనీలే అని వాన తెరిపిచ్చినప్పుడు కాసేపు వదిలాను. సాయంత్రానికి నాలుగు పిల్లలు కొయ్యబారిపోయాయి. ఇంకోటి కొద్దిగా కదులుతుంటే పొయ్యి దగ్గర పెడితే అది లేచింది. మిగతావాటిని తల్లితో సహా గంప కింద మూసి వసారాలో ఉంచాను. మళ్ళీ తుఫాను అంటున్నారు. మా వైపు అంత చలేం ఉండదు కదండీ, మరి ఎందుకు పోయాయి?

జవాబు: చలి లేదని మీరన్నది నిజమేనమ్మా, కానీ అది మన లెక్క. కోనసీమ ముసురులో ఏ 23 డిగ్రీలో ఉంటుంది, మనకి పల్చటి దుప్పటి చాలు. అదే మొదటి వారం పిల్లకి చుట్టూ 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. తన ఒంటి వేడిని తనే నిలుపుకునే శక్తి దానికి రెండు మూడు వారాలకి గానీ రాదు, ఒళ్ళంతా ఈకలు రావడానికి అయిదారు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఒంటి మీద ఉండేది నూగు. పొడిగా ఉన్నంతసేపు ఆ నూగు బాగానే కాపాడుతుంది, ఒక్కసారి తడిసిందా, అతుక్కుపోయి చర్మానికి అంటుకుంటుంది, ఆపైన గాలి తగిలితే ఉన్న వేడంతా ఆ తడితో పాటు పోతుంది. తడిబట్టలతో బండి మీద వెళ్తే ఎండాకాలంలో కూడా వణుకుతాం చూడండి, అదే ఇది. పైగా నాటు పిల్ల పుట్టినప్పుడు ముప్పై గ్రాముల పైచిలుకు ఉంటుందేమో, అంత చిన్న ఒంట్లో నిలవ ఉండే వేడి ఎంతని.

ఇంకో సంగతి, మీ పిల్లలు బహుశా వాన పడుతున్నప్పుడు తడవలేదు. వాన తెరిపిచ్చాక గడ్డిలో తడిశాయి. వానపాములూ ఉసుళ్ళూ అప్పుడే బయటికొస్తాయి, పెట్టకి అది పండగ, కొక్ కొక్ మని పిలుచుకుంటూ పెరడంతా తిరుగుతుంది. మీకు చీలమండ దాటని గడ్డి పిల్లకి తల మీదికి ఉంటుంది, ఒక్కో పోచకీ నీళ్ళు వేలాడుతుంటాయి. పది నిమిషాల్లో పిల్ల పొట్ట కింద భాగమంతా తడిసి ముద్దవుతుంది. పైనుంచి చూస్తే వీపు పొడిగానే కనిపిస్తుంది, అందుకే మనకి తెలియదు. ముసురు రోజుల్లో పిల్లని చేతిలోకి తీసుకుని పొట్ట కింద వేలు పెట్టి చూడండి, కాళ్ళు పట్టుకుని చూడండి, కాళ్ళు చల్లగా తగిలాయంటే అప్పటికే ఆలస్యం అవుతోందని.

పెట్ట గోల చేసిందన్నారు. దానికి సాధారణంగా కారణం ఆకలి. పిల్లలకి నూకలు వేసి తల్లి సంగతి మర్చిపోతాం. పొదిగినన్నాళ్ళు సరిగ్గా తినక అది డస్సిపోయి ఉంటుంది, దానికి విడిగా కడుపునిండా ధాన్యమో దాణానో పెట్టండి, సగం గోల తగ్గుతుంది. అప్పటికీ ఆగకపోతే మన పెద్దవాళ్ళు చేసినట్టు కాలికి మెత్తటి గుడ్డపీలిక కట్టి వసారా స్తంభానికి కట్టేయండి, తాడు వద్దు, కోసుకుపోతుంది. తల్లి ఉన్నచోటే పిల్లలు ఉంటాయి. లేదా తల్లిని మాత్రం గంప కింద మూసి, గంపకి ఒక పక్క ఇటుక ముక్క ఎత్తు పెట్టి పిల్లలు దూరేంత సందు ఉంచండి. అవి వసారాలో పొడి చోట తిరిగి, చలేసినప్పుడు లోపలికి దూరిపోతాయి. ఒక పెట్ట రెక్కల కింద పది పన్నెండు పిల్లలకి వెచ్చగా చోటు దొరుకుతుంది, దాన్ని మించిన యంత్రం ఏ కంపెనీ చెయ్యలేదు.

గంపని ఉత్త సిమెంటు నేల మీద మాత్రం బోర్లించకండి. ముసురులో ఆ నేల చెమ్మగిల్లి రాత్రంతా చలి పట్టుకుని ఉంటుంది. కింద ఒక పాత తలుపో చెక్కో వేసి, దాని మీద రెండు మూడు అంగుళాల ఎండు ఊక పరిచి, ఆ పైన గంప. గాలి ఏ వైపు నుంచి జల్లు కొడుతోందో ఆ వైపు గోనెపట్టా వేలాడదీయండి. మొత్తం గంపని ప్లాస్టిక్ పట్టాతో చుట్టేస్తే మాత్రం లోపల ఆవిరి పట్టి, రెట్ట ఘాటు కమ్మి, తెల్లారేసరికి పిల్లల కళ్ళు నీళ్ళు కారుతుంటాయి. గాలి పై నుంచి ఆడాలి, పిల్ల ఎత్తులో తగలకూడదు, అంతే.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు చెయ్యాల్సినవి వేరు. ఊక ఒక సంచిలో నింపి అటక మీద పెట్టుకోండి, తుఫాను మొదలయ్యాక పొడి ఊక ఎక్కడా దొరకదు. మూడు రోజులకి సరిపడా నూకలు, తల్లికి దాణా, తాగే నీళ్ళు ఇంట్లోకి తెచ్చుకోండి. మీ వైపు కొబ్బరిచెట్లు కదా, గూడు చెట్టు కింద ఉంటే మార్చండి, ఆ గాలికి మట్టలూ కాయలూ గూటి మీదే పడతాయి. రేకు కప్పు ఉంటే ఇటుకలు పెడితే ఆగదు, తీగతో కట్టాలి. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ వైపు ఎన్ని కప్పులు లేచిపోయాయో చూశాం. ఇంట్లోకి నీళ్ళొచ్చే పల్లం అయితే ఇక గూడూ గంపా ఆలోచించకుండా, తల్లినీ పిల్లల్నీ అట్టపెట్టెలో పెట్టి మంచం మీదికో అరుగు మీదికో ఎక్కించేయడమే. అక్టోబరు తుఫానుకన్నా డిసెంబరు తుఫాను ఇంకా చేటు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్‌లాంటిది వస్తే తడి ఆరేలోపే శీతగాలి కూడా అందుకుంటుంది.

కొయ్యబారిన పిల్లని వెంటనే పారెయ్యకండి. మీరు ఒకదాన్ని బతికించుకున్నారు కదా, ఇంకా కొన్ని బతికేవేమో. కళ్ళు మూసుకుని, మెడ వాల్చేసి, ఒళ్ళు చల్లగా ఉన్న పిల్ల కూడా ఒక్కోసారి లేస్తుంది. మొదట పాత నూలుగుడ్డతో నీటిని అద్దండి, రుద్దొద్దు. తర్వాత గోరువెచ్చటి నీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టి, పైన ఇంకో గుడ్డ కప్పండి, ముక్కు బయట ఉండేలా. పొయ్యి దగ్గర పెట్టడం పనికొస్తుంది గానీ ఒకవైపు కాలిపోయి ఇంకోవైపు చల్లగా ఉండిపోతుంది, తిప్పుతూ ఉండాలి. తల నిలబెట్టేదాకా నోట్లో చుక్క నీరు కూడా పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల ఎత్తి కీచుమన్నాక, బెల్లం నీళ్ళు వేలికి అద్దుకుని ముక్కు పక్కన తాకించండి, అదే చప్పరిస్తుంది. పూర్తిగా ఆరాక, చీకటి పడ్డాక తల్లి రెక్క కిందికి తోసేయండి. పగలు పెడితే కొన్ని పెట్టలు కొత్తదనుకుని పొడుస్తాయి.

ప్రశ్న: సార్, మాది ఉట్నూరు. జనవరిలో యాభై రాజశ్రీ రకం కోడిపిల్లలు తెచ్చాం, ఒక్క రోజువి. తల్లికోడి లేదు. రేకుల గదిలో ఊక పోసి పైన బల్బు కట్టాం. అయినా రాత్రిళ్ళు అన్నీ ఒక మూలకి పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, పొద్దున చూస్తే కింద ఉన్నవి చచ్చిపోయి ఉంటున్నాయి. కరెంటు కూడా పోతుంటుంది. కుంపటి పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

జవాబు: ముందు ఆ బల్బు ఏదో చూడండి తమ్ముడూ. ఎల్‌ఈడీ బల్బు అయితే అది వెలుగిస్తుంది, వేడివ్వదు. ఈ ఒక్క కారణంతోనే ఈ మధ్య ఎన్ని పిల్లలు పోతున్నాయో. ఇళ్ళల్లో పాత బల్బులు పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి, కోళ్ళ గదిలో కూడా అవే తగిలిస్తున్నారు. మీకు కావాల్సింది లోపల తీగ ఎర్రగా కాలే పాతకాలం బల్బు, ఇప్పటికీ కరెంటు సామాన్ల షాపులో అడిగితే దొరుకుతుంది. పిల్లకి రెండు వాట్ల చొప్పున లెక్కేసుకుంటే యాభై పిల్లలకి వంద. ఒకే వంద వాట్ల బల్బు బదులు అరవైవి రెండు పెట్టుకోండి, అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా రెండోది ఉంటుంది. నేలకి అడుగు, అడుగున్నర ఎత్తులో, పైన రేకు టోపీ పెట్టి, వైరుకి కాకుండా గొలుసుకి వేలాడదీయండి. వైరు జారి బల్బు ఊక మీద పడితే గది మొత్తం అంటుకుంటుంది.

రెండోది ఆ మూల. పిల్లలకి మూల ఉన్న గది పెట్టకూడదు. చలేస్తే అవి మూలకే పోతాయి, వెనక నుంచి తోపులాట, ముందున్నవి కింద నలిగిపోతాయి. అడుగున్నర ఎత్తు అట్టనో తగరపు రేకునో గుండ్రంగా వంచి దడిలా నిలబెట్టండి, మధ్యలో బల్బు. అందులో పిల్లకి అర చదరపు అడుగు లెక్కన చోటుండాలి, మేతా నీళ్ళూ కూడా అందులోనే. తర్వాత రోజుకి కాస్త కాస్త వెడల్పు చేసుకుంటూ పోవచ్చు.

ఎంత వేడి ఉందో చూడ్డానికి థర్మామీటరు మంచిదే, మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి అంటారు. కానీ మీటరు లేదని టెన్షన్ పడక్కర్లేదు, పిల్లలే చెప్తాయి. బల్బు కింద కుప్పపడి గట్టిగా అరుస్తుంటే చలి. బల్బుకి దూరంగా గోడ అంచులకి పోయి ముక్కు తెరుచుకుని రెక్కలు వదిలేస్తే వేడి ఎక్కువైంది, బల్బు పైకెత్తండి. అన్నీ ఒకే పక్కకి చేరితే రెండో పక్క నుంచి గాలి కొడుతోందని, ఆ సందు వెతికి మూసేయండి. గదంతా చెదురుమదురుగా పడుకుని, కొన్ని తింటూ కొన్ని తిరుగుతూ సన్నగా కిచకిచమంటుంటే సరిపోయినట్టే. ఇది రాత్రి పది గంటలకి ఒకసారి, తెల్లవారుజామున మూడు నాలుగు మధ్య ఒకసారి చూడాలి. ఆదిలాబాద్ చలి తెల్లవారుజామునే అసలు పని మొదలుపెడుతుంది. అక్కడ జనవరిలో పది డిగ్రీల లోపలికి పడిపోవడం మీకు కొత్త కాదు కదా. సాయంత్రం ఏడింటికి సరిపోయిన బల్బు మూడింటికి సరిపోదు.

కుంపటి విషయంలో నాది గట్టి మాట, మూసిన గదిలో వద్దు. పొగ పోయి నిప్పులు ఎర్రగా అయ్యాక కూడా బొగ్గు నుంచి విషవాయువు వస్తుంది, దానికి వాసనా రంగూ ఉండవు, పిల్లలు నిద్రలోనే పోతాయి, మీరు అదే గదిలో పడుకుంటే మీకూ ముప్పే. కరెంటు పోయినప్పుడు లీటరు సీసాల్లో వేడినీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి, గోనెగుడ్డ చుట్టి దడి లోపల నాలుగైదు చోట్ల పెట్టండి. పిల్లలు వాటికి ఆనుకుని పడుకుంటాయి. రెండు మూడు గంటలకోసారి నీళ్ళు మార్చాలి. నిద్ర పాడవుతుంది, తప్పదు. పైన దుప్పటితో దడిని మూడొంతులు కప్పి ఒక పక్క తెరిచి ఉంచండి.

కిటికీలకి బరకం కట్టేటప్పుడు కింద నుంచి కట్టి పైన అడుగు ఖాళీ వదలండి. చాలామంది పై నుంచి కిందికి దించుతారు, కింద సందు మిగిలిపోతుంది, గాలి సరిగ్గా పిల్ల ఎత్తులోనే కొడుతుంది.

ఊక మీద మొదటి రెండు మూడు రోజులు కాగితం పరిచి మొక్కజొన్న నూక చల్లడం మంచి అలవాటే, లేకపోతే ఊకే తినేస్తాయి. కానీ నున్నటి కాగితం మీద పిల్లల కాళ్ళు జారి చెరో పక్కకి చీలిపోతాయి, గరుకుగా ఉన్న అట్టో గోనెపట్టానో అయితే మేలు.

ప్రశ్న: ముసురు పట్టినప్పుడు పిల్లలకి చుక్క బ్రాందీ తాగిస్తే వేడి పుడుతుందంటారు, నిజమా? (కాకినాడ)

జవాబు: వద్దండి. మందు తాగితే వేడిగా అనిపిస్తుంది గానీ ఒంటి వేడి బయటికి పోతుంది, మనిషికైనా అంతే. పసుపు, వెల్లుల్లి నీళ్ళలో వేస్తామంటే వేసుకోండి, నష్టం లేదు, కానీ అవి బల్బు చేసే పని చెయ్యవు.

ప్రశ్న: మాది రెంటచింతల దగ్గర. పెట్ట పొదుగుడు మీద ఉంది, ఇప్పుడు గుడ్లు పెడితే పిల్లలు రోహిణి కార్తెలో వస్తాయి. పెట్టొచ్చా? మా షెడ్డు రేకులది.

జవాబు: రెంటచింతల్లో రోహిణి కార్తెలో పిల్లలా! పెట్టొద్దు. రోహిణిలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు, అదీ పల్నాడు ఎండలకి. ఆ నెలలో గుడ్డు కూడా సరిగా నిలవదు, గదిలో వేడికే లోపల సగం సగం పెరగడం మొదలై చచ్చిపోతుంది. పెట్ట కూడా ఆ ఉక్కకి ఆగలేక మాటిమాటికీ గుడ్ల మీంచి లేచిపోతుంది. మరీ ఎండల్లో పొదిగించి పదిలో నాలుగు పిల్లల్ని చూసుకుని బాధపడే బదులు, పెట్టని పొదుగుడు మానిపించి మళ్ళీ గుడ్లకి రానివ్వండి.

అసలు మన వాతావరణానికి మంచి లెక్క సంక్రాంతి. పండగ అయ్యాక గుడ్లు పెడితే 21 రోజులకి, అంటే ఫిబ్రవరి మొదట్లో పిల్లలొస్తాయి. అప్పటికి చలి విరిగిపోతూ ఉంటుంది, వాన ఉండదు, మార్చి మధ్యకి ఒళ్ళంతా ఈకలు వచ్చేస్తాయి, అసలు ఎండలు మొదలయ్యేసరికి పిల్లలు పెద్దవైపోతాయి. మృగశిర దాటాక పెడదాం, చల్లబడుతుంది కదా అని చాలామంది అనుకుంటారు, అప్పుడు పిల్లలు సరిగ్గా ఆషాఢం వానల్లో బయటికొస్తాయి, తడి సమస్య అక్కడ మొదలు. పొడి వసారా ఉన్నవాళ్ళకి అదీ పరవాలేదు. గుడ్లు ఏరుకునేటప్పుడు వారం, మహా అయితే పది రోజుల లోపువే తీసుకోండి.

ఇప్పటికే పిల్లలు చేసేసిన పెట్టలున్నవాళ్ళు షెడ్డు సంగతి చూడాలి. రేకు వేడి పై నుంచి మాడుస్తుంది, దాని మీద వరిగడ్డో తాటాకో కొబ్బరి మట్టలో మందంగా కప్పండి, మధ్యాహ్నం వాటి మీద నీళ్ళు చల్లండి. రేకుకి తెల్లసున్నం కొట్టినా కొంత తేడా తెలుస్తుంది. పక్కలకి తడి గోనెపట్టాలు కట్టొచ్చు, కానీ ఆ నీళ్ళు కారి ఊక తడవకూడదు, గాలి ఆడకుండా నాలుగు పక్కలా కట్టెయ్యకూడదు. ఎండాకాలం కదా అని పిల్లల మీద నీళ్ళు చల్లేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. కోడికి చెమట పట్టదు, ముక్కు తెరిచి ఎగశ్వాస తీస్తూనే వేడి తగ్గించుకుంటుంది, అందుకు దానికి తాగే నీళ్ళు కావాలి. మట్టి మూకుళ్ళలో, నీడలో, పూటకి రెండుసార్లు మార్చిన నీళ్ళు. మూకుడులో నాలుగు గులకరాళ్ళు వెయ్యండి, లేకపోతే చిన్నపిల్ల అందులోనే పడి మునిగిపోతుంది. ఎండ బాగా ఉన్న రోజుల్లో కోళ్ళ మందుల షాపులో దొరికే ఎలక్ట్రోలైట్ పొడి ప్యాకెట్టు మీద ఉన్న మోతాదులో కలపండి. దాణా తెల్లవారుజామున, మళ్ళీ పొద్దు వాలాక. మధ్యాహ్నం తింటే అరిగించుకునే వేడి అదనం. పగలు 38, 40 ఉన్నప్పుడు బల్బు అవసరమే లేదు, తల్లి లేని మొదటి వారం పిల్లలకి తెల్లవారుజామున మాత్రం ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మాది విజయవాడ, అపార్ట్‌మెంట్. బాబు సంతలో పచ్చ, గులాబీ రంగు పిల్లలు నాలుగు కొనిపించుకున్నాడు. బాల్కనీలో పెడితే రెండు చనిపోయాయి. ఇవి బతకవంటారు కదా, నిజమేనా?

జవాబు: రంగు వల్ల పోవు, గాలి వల్ల పోతాయి. అవి ఎక్కువగా గుడ్ల కోళ్ళ హేచరీల్లో పనికిరావని పక్కన పెట్టిన మగపిల్లలు. వాటికీ మిగతా పిల్లలకిలాగే వెచ్చదనం కావాలి. యాభై పిల్లలైతే ఒకదానికొకటి ఆనుకుని కొంత నిలుపుకుంటాయి, రెండు పిల్లలకి అదీ లేదు. బాల్కనీలోంచి తీసి ఇంట్లో పెట్టండి. అట్టపెట్టె, అడుగున పాత తువ్వాలు, ఒక మూల నలభై వాట్ల పాతరకం బల్బు, రెండో మూల చల్లగా, ఏది కావాలో అవే చూసుకుంటాయి. రంగు పోవాలని స్నానం చేయించకండి. తర్వాత పుంజులై తెల్లారుజామున కూస్తాయి, అపార్ట్‌మెంటు వాళ్ళు ఊరుకోరు, ఊళ్ళో ఎవరికైనా ఇచ్చే ఏర్పాటు ఇప్పుడే చూసుకోండి. కోడిపిల్లల్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోమని బాబుకి చెప్పండి.

ప్రశ్న: సిద్దిపేట దగ్గర మాది. మావి నెలన్నర పిల్లలు, ఆరుబయట తిరుగుతాయి. మొన్న మధ్యాహ్నం దాకా ఎండ, ఒక్కసారిగా గాలిదుమారం, రాళ్ల వాన. పరుగెత్తి పట్టుకుందామంటే చెల్లాచెదురైపోయాయి. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలె?

జవాబు: ఆ టైముకి ఏమీ చెయ్యలేం, ముందు చెయ్యాలి. పరుగెత్తి పట్టుకోవడం వల్ల ఇంకా చెదిరిపోతాయి, మీకూ రాళ్ళ దెబ్బ, పిడుగు ముప్పు. నెలన్నర పిల్లలకి ఈకలు వచ్చేసి ఉంటాయి కాబట్టి కాసేపు తడిసినా తట్టుకుంటాయి, వడగళ్ళ దెబ్బనే తట్టుకోలేవు.

రెండు పనులు. మొదటిది పిలుపు అలవాటు. రోజూ ఒకే టైముకి, ఒకే డబ్బా గలగలలాడించి, బా బా అనో మీ ఊళ్ళో ఎట్లా పిలిస్తే అట్లా పిలిచి గూటి దగ్గరే గింజలు వెయ్యండి. కొద్ది రోజుల్లో డబ్బా చప్పుడు వింటే ఎక్కడున్నా ఉరికి వస్తాయి. ఏప్రిల్ మే నెలల్లో మధ్యాహ్నం ఉక్క పోసి పడమటి వైపు మబ్బు నల్లబడుతోందంటే ఇంకేం చూడకుండా డబ్బా తీయండి. రెండోది, గూటికి దూరంగా తిరిగే చోట అక్కడక్కడా దాక్కునే చాటు. పెద్దగా ఖర్చేం లేదు, నాలుగు రాళ్ళ మీద పాత తలుపు, లేదా విరిగిన ఎడ్లబండి చెక్క, మోకాలెత్తులో. రేకు పెడితే పైన బరువు పెట్టండి, గాలికి లేచిన రేకు కత్తికన్నా చేటు. గద్ద వచ్చినప్పుడు కూడా ఆ చాటుల్లోకే దూరతాయి కాబట్టి అది ఏడాదంతా పనికొస్తుంది.

వాన ఆగాక లెక్క చూసుకోండి, రానివి కంపల్లో, కట్టెల మోపు కింద నక్కి ఉంటాయి, చప్పుడు చెయ్యవు. దెబ్బ తగిలి కునుకుతున్నదాన్ని విడిగా చీకటి పెట్టెలో ఉంచండి, లేకపోతే మిగతావి రక్తం చూసి పొడుస్తాయి.

ప్రశ్న: వానలు తగ్గాయి, పిల్లలు బతికాయి అనుకుంటే ఇప్పుడు రెట్టలో రక్తం. నెల పిల్లలు. కొక్కెర తెగులా? (తణుకు)

జవాబు: కొక్కెర అంటే కోళ్ళకొచ్చే వైరస్ జబ్బు, అదే అయితే సాధారణంగా పచ్చటి పారుడు, ఊపిరాడక గురక, మెడ తిరిగిపోవడం కనిపిస్తాయి. రెట్టలో రక్తం, మూడు నుంచి ఆరు వారాల వయసు, తడి ఊక, ఈ మూడూ కలిస్తే ముందు అనుమానించాల్సింది రక్త పారుడు, కాక్సీడియోసిస్ అంటారు. ముసురు వదిలిపెట్టి పోయే బాకీ అది. ఇవాళే తడిసిన ఊకంతా తీసేసి దూరంగా పారేసి, నేల ఆరనిచ్చి కొత్త ఊక పొయ్యండి. నీళ్ళ గిన్నె చుట్టూ ఉండే ముద్దే అసలు పుట్ట, గిన్నెని ఇటుక మీద పెడితే ఒలికేది తగ్గుతుంది. మందు సాధారణంగా యాంప్రోలియం, తాగే నీళ్ళలో కలిపి ఇస్తారు, మోతాదు మీ ఊరి పశువుల డాక్టరుని అడిగి వెయ్యండి. వెళ్ళే వీల్లేకపోతే 1962కి ఫోన్ చెయ్యండి, సంచార పశువైద్యశాల నంబరు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అదే.

కొక్కెరకి టీకా వేయించారో లేదో రాయలేదు. అయిదు నుంచి ఏడు రోజుల లోపు కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, మళ్ళీ నాలుగో వారంలో, ఎనిమిది వారాలు దాటాక ఇంజెక్షను. ముసురు పట్టి పిల్లలు ముడుచుకుని ఉన్న రోజు మాత్రం వేయించకండి, రెండు రోజులు ఆగి హుషారుగా తిరుగుతున్నప్పుడు వేయించండి. టీకా సీసా షాపు నుంచి ఇంటిదాకా ఐసులోనే రావాలి, చొక్కా జేబులో వస్తే వేసినా వెయ్యనట్టే.

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మార్చిలో పిల్లలు తెచ్చుకుందామని. ఇక్కడ వాతావరణం ఒక్క రోజులో తిరగబడుతుంది. హీట్ ల్యాంప్ చాలా?

జవాబు: 2021 ఫిబ్రవరిలో అక్కడ మైనస్ 19 దాకా పడిపోయి, టెక్సాస్‌లో లక్షల ఇళ్ళకి కరెంటు పోయిన సంగతి మీరు మర్చిపోయి ఉండరు. కాబట్టి కరెంటు లేకపోతే ఏంటి అన్నది ముందే అనుకోండి, ఉట్నూరు తమ్ముడికి చెప్పిన వేడినీళ్ళ సీసాలే మీకూ. మామూలు రోజులకి 250 వాట్ల ల్యాంపుకన్నా పిల్లలు కిందికి దూరే హీటింగ్ ప్లేటు నయం, మంటలంటుకునే భయం తక్కువ. అయితే ఆ ప్లేటు గడ్డకట్టే చలిలో ఆరుబయట పనిచెయ్యదు, గది 10 డిగ్రీలకి తక్కువ కాకూడదని దాని పెట్టె మీదే రాసి ఉంటుంది చాలావాటికి. ల్యాంపే వాడతానంటే పగలకుండా టెఫ్లాన్ పూత పూసిన బల్బు కొనకండి, వేడెక్కినప్పుడు ఆ పూత నుంచి వచ్చే పొగ పక్షుల్ని నిమిషాల్లో చంపేస్తుంది. గరాజులో పెడితే అందులో కారు స్టార్ట్ చెయ్యొద్దు.

ప్రశ్న: తల్లి లేని పిల్లల్ని ఎప్పుడు బయటికి వదలాలి? (కర్నూలు, ఖమ్మం, పార్వతీపురం నుంచి ఒకేలాంటి ప్రశ్న)

జవాబు: మూడో వారం నుంచి ఎండ కాసే పూట, మంచు ఆరిపోయాక, గంటా రెండు గంటలు దడి కట్టిన చోట వదలొచ్చు. తల మీద, మెడ మీద, వీపు మీద నూగు పోయి ఈక వచ్చిందా లేదా చూసుకోండి. రెక్కల ఈకలు ముందే వస్తాయి, వాటిని చూసి మోసపోవద్దు, వీపు, మెడ, తల ఆలస్యంగా నిండుతాయి. అవన్నీ నిండాక, రాత్రి బల్బు ఆపేసినా కుప్పపడకుండా విడివిడిగా పడుకున్నాయంటే పగలంతా వదిలేయొచ్చు. చలికాలంలో, ముసురులో ఇంకో వారం ఆగండి. పార్వతీపురం వాళ్ళు కొండవాలు ఊరైతే ఆ వారాన్ని రెండు చేసుకోండి, అక్కడ పొద్దున పది దాటితే గానీ గడ్డి ఆరదు.